పదమూడో గొర్రె

సైనికులు చాలక కూలిన సామ్రాజ్యాలు చరిత్రలో అనేకం ఉన్నాయి. రివర్స్‌డేల్ గ్రామంలో ఊనా పాస్కో ఏలుతున్న రాజ్యం మాత్రం ఒకే ఒక్క మనిషి చాలక ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి కూలబోతున్నదన్న వార్త మోరే గిల్ఫిలన్‌కు శుక్రవారం మధ్యాహ్నం, మటన్ సూప్ తాగుతుండగా అందింది. అతను చెంచా కింద పెట్టాడు. గిల్ఫిలన్ ఒక బీమా సంస్థలో ముప్పై ఏళ్ళపాటు తగలబడిన గడ్డిపాకల నష్టం మదింపు చేసి పదవీ విరమణ పొందినవాడు. ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కరోజైనా సూప్‌ను సగంలో వదిలిన దాఖలా లేదు. దీన్నిబట్టి విపత్తు పరిమాణాన్ని పాఠకులు ఊహించవచ్చు.

ఊనా రాజ్యం పేరు ‘మంద’. అది కంప్యూటర్ తెర మీద తప్ప మరెక్కడా లేదు. ఏటా చలికాలం ముదిరి, పొలం పని తగ్గి, మనుషులకు ఒకరి మీద ఒకరికి అనుమానపడే తీరిక చిక్కినప్పుడు, ఆ తెర మీద పదముగ్గురు ఆటగాళ్ళు చేరతారు. వారిలో ముగ్గురు తోడేళ్ళు, పదిమంది గొర్రెలు. తోడేళ్ళకు తమవారెవరో తెలుసు, గొర్రెలకు ఏమీ తెలియదు. పగలు అందరూ వాదులాడి, అనుమానం వచ్చినవాణ్ణి ఓటు వేసి వెళ్ళగొడతారు. రాత్రి తోడేళ్ళు ఒక గొర్రెను మింగుతాయి. ఒక్కో ఆట నెలపాటు సాగుతుంది. ఈ యావత్తు హింసాకాండకూ కాపరి ఊనా, ఆవిడ చేతిలో గ్రామం నడిబొడ్డున ఒక బేకరీ కూడా ఉంది.

“నేను దొంగపేరు చేర్చానంట మోరే!” అంది ఊనా, పిండి చేతులు గాల్లో ఊపుతూ. “ఊరూవాడా చదివేలా రాశాడు ఆ లాయరు డెస్మండ్ పెట్రీ. పదమూడో మనిషి అసలు లేడంట. లెక్క నిండక నేనే పుట్టించానంట!”

“పుట్టించావా?”

“నువ్వూ అదే అడుగుతావా?”

“అడగడం నా అలవాటు. కోప్పడడం నీ హక్కు. ఇప్పుడు జవాబు చెప్పు.”

“లేదు. బేకరీ మీద ఒట్టు.” ఆవిడ స్టూలు మీద కూలబడింది. “ఈ ఏడు జనాన్ని పోగెయ్యడానికి నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు? ఇద్దర్ని సంతలో పట్టుకున్నా. ఒకణ్ణి రగ్బీ మైదానం గట్టు మీద. అంత్యక్రియల తర్వాత టీ దగ్గర ఇద్దర్ని. ఆ పశువుల డాక్టరైతే ఆవు కడుపులో చెయ్యి పెట్టి ఉన్నాడు, తప్పించుకోలేక ఒప్పుకున్నాడు. అలా పన్నెండు మంది. పదమూడోది సోమవారం దానంతటదే వచ్చింది. పేరు ‘పొగమంచు’. ఎవరో నాకూ తెలీదు. కొత్తవాళ్ళకి మొదటి ఏడు ముసుగు హక్కు ఉంది కదా.”

ఆ హక్కుకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త ఆటగాడు ముసుగు తీయనక్కర్లేదు గాని, పాత ఆటగాడొకడు అతనితో ఒకే బల్ల దగ్గర కూర్చుని, అతను తినడం కళ్ళారా చూసి, ‘మనిషే, తిన్నాడు’ అని మందకు విన్నవించాలి. దీనికి బల్ల సాక్ష్యమని పేరు. ఒకే మనిషి రెండు పేర్లతో చేరిన ఒక దుర్మార్గపు చలికాలం తర్వాత, తిండి మాత్రం ఎవరూ నటించలేరన్న విశ్వాసంతో పెద్దలు దీన్ని ప్రవేశపెట్టారు.

“సాక్ష్యం ఎవరు చెప్పారు?”

“లాక్లన్ డ్రీవర్.”

గిల్ఫిలన్ కనుబొమలు పైకి లేచాయి. లాక్లన్‌కు తోడేలు పాత్ర వచ్చిన ప్రతి ఏడూ మొదటిరోజే దొరికిపోతాడు. తెర మీది అక్షరాల్లో కూడా అతని చెవులు ఎర్రబడటం కనిపిస్తుందని ప్రతీతి.

“పొద్దు గుంకి ఆట మొదలయ్యేలోపు తేలకపోతే కాపరి కర్ర నిందవేసిన పెట్రీ చేతికి పోతుంది మోరే. కర్ర పోతే పోనీ. అబద్ధం ఆడి నెట్టుకొచ్చిందన్న మాట మిగిలిపోతుంది. ఈ ఊళ్ళో పొద్దున్నే నా చేతి రొట్టె కొనడానికి ఎవడొస్తాడు?”

గిల్ఫిలన్ టోపీ పెట్టుకున్నాడు.

*

లాక్లన్ డ్రీవర్ గొర్రెల పొలం వైకాయా దారిలో ఉంది. సాక్ష్యం జరిగిన స్థలం అక్కడి ఉన్ని షెడ్డు పక్కన, ఉన్ని కత్తిరించేవాళ్ళు టీ తాగే గది. లాక్లన్ అరవై దాటిన భారీ మనిషి. తన సొంత గదిలో తానే అతిథిలా, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఎప్పుడొచ్చాడు?”

“మంగళవారం. పొద్దున టీ వేళ.”

“ఎలా ఉంటాడు?”

“పొడుగ్గా.” లాక్లన్ ఊపిరి పీల్చి, మందకు రాసి పంపినదే మళ్ళీ ధారగా అందుకున్నాడు. “గడ్డం ఉంది. జింకల వేటగాడు. నీలం చొక్కా, కొత్త బూట్లు, ఎడం చేతికి కట్టు. నాలుగు చీజ్ రోల్స్ తిన్నాడు. మూడోది తినేటప్పుడు తుమ్మాడు.”

“కళ్ళు?”

“గోధుమ రంగు. ఒకటి… కొంచెం ఎక్కువ గోధుమ.”

పాక నిజంగా తగలబడినవాడికి దానికి తలుపులెన్నో కూడా గుర్తుండదని గిల్ఫిలన్ ఎరుగును. తగలబెట్టినవాడు మేకుల సంఖ్య సైతం చెబుతాడు. లాక్లన్ చెవులు అప్పటికే బీట్‌రూట్ ఛాయను దాటి, ఇంకా పేరు పెట్టని ఒక రంగులోకి ప్రవేశించాయి.

“లాక్లన్, నేనూ ఈ ఆటలో ఉన్నవాణ్ణే. ఊనా పరువు పోతే నీకు సంతోషమా?”

“ఒరేయ్ మోరే, చంపకురా! ఊనా తప్పేం లేదు. మనిషున్నాడు. తిన్నాడు. అంతకన్నా చెప్పనని మాటిచ్చాను.”

“అయితే నువ్వు చెప్పకు. గదిని అడుగుతాను.”

గిల్ఫిలన్ లేచి, వెనక చేతులు కట్టుకుని, యుద్ధానంతరం కోటను పరిశీలించే సేనాపతి వలె ఆ గదిని ప్రదక్షిణం చేశాడు. ఉన్ని షెడ్డు టీ గది అంటే గొర్రెల జిడ్డు, సిగరెట్ మసి, పడుకున్న కుక్కలు. ఈ గది నేల తడిగుడ్డతో తుడిచి ఉంది. కుక్కల గోనెపట్టా బయట వానలో పడి ఉంది, దాని మీద మూడు కుక్కలు అవమానభారంతో కూర్చున్నాయి. గుమ్మం దగ్గర లాక్లన్ బూట్లు బురద కడిగి, జంటగా, మడమలు కలిపి నిలబెట్టి ఉన్నాయి. హీటరు పక్క కుర్చీలో ఇంట్లోంచి తెచ్చిన పూల దిండు. ఎండబెట్టిన మోటు కప్పుల నడుమ, దారి తప్పి వచ్చిన రాకుమార్తె వలె, సాసరుతో సహా ఒక సన్నని పింగాణీ కప్పు.

“నీ జింకల వేటగాడు సాసర్ లేనిదే టీ ముట్టడా?”

“సుకుమారం మనిషి.”

“నడుం కింద దిండు కూడా?”

“చెప్పాగా. సుకుమారం.”

గిల్ఫిలన్ గోడ దగ్గర ఆగాడు. పనిముట్ల దుకాణంవాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండర్ అక్కడ వేలాడుతున్నది. చలికాలమైనా చాలినన్ని బట్టలు దొరకని యువతుల బొమ్మలతో అది ఆ జిల్లాలో ప్రసిద్ధం. ఇప్పుడది గోడవైపు తిరిగి ఉంది.

“లాక్లన్, నీ పెళ్ళాం ఈ గదిలోకొస్తే దీన్ని తిప్పుతావా?”

“అదా? ‘మే నెల పిల్లే నయం’ అంటుంది.”

“పాస్టరు వస్తే?”

“ఆయన చూడనట్టు చూస్తాడు.”

“ఏదీ, చేతులు చాపు.”

లాక్లన్ చాపాడు. నలభై ఏళ్ళ గొర్రెల జిడ్డు పేరుకున్న ఆ మహాహస్తాల చివర, గోళ్ళు పసిపిల్లవాడి గోళ్ళలా కత్తిరించి, రుద్ది కడిగి ఉన్నాయి. గిల్ఫిలన్ వాటిని చూశాడు. అసంకల్పితంగా అతని చేతులు అతని కోటు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. అరవై దాటిన మగవాళ్ళ గోళ్ళు పరిశీలించే అధికారం కలిగిన వ్యక్తి ఆ జిల్లాలో ఒక్కరే ఉన్నారు.

“దేవుడా,” అన్నాడు అతను.

“నేను చెప్పలేదు!” అని లాక్లన్ లేచి నిలబడ్డాడు. “నేనేం చెప్పలేదని నువ్వే చెప్పాలి మోరే!”

అదే క్షణాన బయట కుక్కలు మొరిగాయి. పెద్ద కారొకటి బురదలో ఆగిన చప్పుడైంది.

*

డెస్మండ్ పెట్రీ గోర్ పట్టణంలో న్యాయవాది. నున్నటి గడ్డం, నల్లకోటు, ఎదుటివాడు మాట పూర్తి చేస్తాడన్న నమ్మకం ఎన్నడూ లేని కళ్ళు. పదేళ్ళ కిందట అతనూ ఊనా మందలో ఆడాడు. మొదటి పగలే అందరూ కలిసి వెళ్ళగొట్టారు. అలిగి వెళ్ళి సొంతంగా ఒక ఆట పెట్టాడు. అందులో తోడేళ్ళు, గొర్రెలు, వాదం, ఓటు అన్నీ ఫోన్‌లో పది నిమిషాల్లో ముగుస్తాయి. ఊనా మనుషుల్ని ఒక్కొక్కరినే అందులోకి లాగుతున్నాడు.

“ఏమండీ గిల్ఫిలన్ గారూ, పాక కాలిందా, కాల్చారా?”

“ఇంకా పొగ చూస్తున్నానండీ పెట్రీ గారూ. మీరు అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని రావడం సంతోషం.”

“నాకు సంతోషం లేదు. నియమం ఉంది. మనిషి లేకుండా పేరు చేర్చిన కాపరి కర్ర దించాలి.” అతను గది మధ్యకు బురద బూట్లతో నడిచాడు. లాక్లన్ బాధగా నేలను చూశాడు. “ఇదేనా ఘటనాస్థలం? ఇక్కడ కుర్చీ ఉంది, బల్ల ఉంది, అబద్ధం ఉంది. మనిషి ఏడీ?”

మాట్లాడుతూనే అతను క్యాలెండర్‌ను తిప్పి చూసి, “ఛీ” అని మళ్ళీ గోడవైపు తిప్పేశాడు. చట్టం చదివినవాడు గనుక బొమ్మను చూశాడు, సాక్ష్యాన్ని చూడలేదు.

“ఊనాని అంత తొందరగా దొంగని చేశారేం?”

“ఊళ్ళో అందరికన్నా నిజాయితీపరురాలు ఆవిడే కదా? అందుకే. ఆ మందలో ఆడినవాడెవడైనా ముందు నిజాయితీగా కనబడ్డవాళ్ళనే అనుమానిస్తాడు. మీరే నేర్పారు.”

“పాఠం సగమే విని లేచిపోయారు మీరు. మొదటిరోజే.”

పెట్రీ దవడ బిగిసింది. “వెటకారం వద్దు. మనిషున్నాడా, లేడా?”

“ఉన్నారు. నియమాల గురించి తమకు నేను చెప్పాలా? బల్ల సాక్ష్యాన్ని శంకించినవాడు తానే వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చుని తినాలి. కూర్చుంటారా?”

“నిస్సంకోచంగా. ఎక్కడికి రమ్మంటే అక్కడికి. పొద్దు గుంకడానికి గంట కూడా లేదు. మీ జింకల వేటగాడు ఈలోపు అడవిలోకి పారిపోకపోతే చాలు.”

“ఆ వ్యక్తి పారిపోవడం,” అన్నాడు గిల్ఫిలన్, “ఈ జిల్లా చరిత్రలో జరగలేదు.”

ముగ్గురూ గిల్ఫిలన్ కారులో బయలుదేరారు. లాక్లన్ వెనక సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోర్ పొలిమేర దాటేదాకా పెట్రీ నియమావళిని ఉటంకిస్తూనే వచ్చాడు. రెండో మలుపు దగ్గర స్వరం తగ్గింది. మూడో మలుపు దగ్గర ఆగిపోయింది.

“ఇది మా అమ్మ ఉండే వీధి.”

“చక్కటి వీధి.”

“మీరు దారి తప్పారు.”

“ఇంతవరకు తప్పలేదండీ.”

కారు ఆగింది. పచ్చ గేటు వెనక, గుమ్మంలో, ఊలు శాలువా కప్పుకుని, కర్ర మీద రెండు చేతులు ఆనించి వినిఫ్రెడ్ పెట్రీ నిలబడి ఉంది. ఆ ప్రాంతంలో నలభై దాటిన ప్రతివాడికీ ఎక్కాలు, నడవడి, భయం నేర్పిన ప్రధానోపాధ్యాయిని ఆవిడ. వయసు ఎనభై నాలుగు. భయం విషయంలో ఆవిడ ఇంకా పదవీ విరమణ చేయలేదు.

“లాక్లన్! చెప్పేశావా?”

“లేదు టీచర్‌గారూ! వాడే కనిపెట్టేశాడు!”

“మోరే గిల్ఫిలన్. గోళ్ళు.”

ముప్పై ఏళ్ళు అబద్ధాలకోరులను గడగడలాడించిన గిల్ఫిలన్ మారుమాట లేకుండా చేతులు చాపాడు. ఆవిడ చూసి, “పర్లేదు” అని దారి ఇచ్చింది.

*

వంటింటి బల్ల మీద చీజ్ రోల్స్ పెనం మీంచి అప్పుడే దిగినట్టున్నాయి. పెట్రీ కూర్చోలేదు.

“అమ్మా. పొగమంచు… నువ్వా?”

“అవును. ఏం, బాలేదా పేరు?”

“నీకు విశ్రాంతి కావాలని డాక్టరు—”

“విశ్రాంతి తీసుకునీ తీసుకునీ అలిసిపోయాన్రా.”

“ఆడాలని ఉంటే నాతో చెప్పొచ్చు కదా? నా ఆటలో చేర్చేవాణ్ణి.”

“నీ ఆట పది నిమిషాలు. అబద్ధానికి పళ్ళు కూడా రాకముందే అయిపోతుంది. దాన్ని పెంచి పెద్ద చెయ్యడానికి తీరికుండాలి. ఊనా ఆటలో అది ఉంది.”

“మరి ముసుగెందుకు?”

ఆవిడ టీ కెటిల్ కింద పెట్టింది. “ఆ పన్నెండు మందిలో తొమ్మిదిమంది నా బడిలో చదివినవాళ్ళు. నా పేరు చూస్తే నా మీద ఓటెయ్యడానికి ఏ ఒక్కడికైనా చెయ్యి లేస్తుందా? లాక్లన్, లేస్తుందా?”

“లేవదు టీచర్‌గారూ.”

“చూశావా? యాభై ఏళ్ళుగా నన్నెవరూ అనుమానించలేదు డెస్మండ్. ఒక్కసారి, చచ్చేలోపు, అందరిలా నన్నూ అనుమానించాలని నా కోరిక. అందుకే వీడికి చెప్పాను, జింకల వేటగాడని చెప్పరా అని.”

గిల్ఫిలన్ ఒక రోల్ తీసుకున్నాడు. వెన్న కారింది. ఆవిడా ఒకటి తీసుకుని, అతని కళ్ళలోకి చూస్తూ కొరికి, నమిలి, మింగింది. అంతకన్నా నిర్వివాదమైన బల్ల సాక్ష్యం మంద చరిత్రలో లేదు. “మనిషే,” అన్నాడు అతను గంభీరంగా. “తిన్నారు. ఊనా పాస్కో నిర్దోషి.”

అప్పుడు పెట్రీ ముఖంలో కొడుకు తప్పుకున్నాడు, న్యాయవాది తిరిగి వచ్చాడు.

“ఒక్క నిమిషం. జింకల వేటగాడు, గడ్డం, తుమ్ము. లాక్లన్ డ్రీవర్ అబద్ధపు సాక్ష్యం చెప్పాడు. అబద్ధపు బల్ల సాక్ష్యం చెప్పినవాడు ఆ చలికాలం ఆడకూడదు. మీ నియమమే గిల్ఫిలన్ గారూ. లాక్లన్ పోతే ఎంతమంది? పన్నెండు.” అతను కిటికీ వైపు చూశాడు. కొండల మీద వెలుగు పలుచబడుతున్నది. “ఊనా దొంగ కాదు, ఒప్పుకుంటాను, క్షమాపణ కూడా రాస్తాను. కానీ ఆట లేదు.”

నియమం నియమమే. గిల్ఫిలన్ నోట్లోని చీజ్‌కు హఠాత్తుగా రుచి పోయింది. లాక్లన్ కళ్ళు తుడుచుకున్నాడు.

“వాడన్నది నిజం,” అంది వినిఫ్రెడ్ పెట్రీ. “లాక్లన్, నీ తప్పులో సగం నాది. అయినా నువ్వు బయటికే.” ఆవిడ కర్రతో ఒక కుర్చీని బల్ల కిందనుంచి ముందుకు నెట్టింది. “ఒక చోటు ఖాళీ. పాత ఆటగాడికి సాక్ష్యం అక్కర్లేదు. కూర్చో డెస్మండ్.”

“నేనా? ఆ మందలో మళ్ళీనా? మొదటి రోజే నన్ను—”

“తెలుసు. చదివాను.”

“ఏం చదివావు?”

“ఊనా ఆటలన్నీ. ఎప్పట్నుంచో. నీది రెండుసార్లు చదివాను.” ఆవిడ గొంతు బడిలోని గొంతు కాదు. “నువ్వు గొర్రెవే. చెప్పిందంతా నిజమే. కానీ కోర్టులో చెప్పినట్టు చెప్పావురా, అంకెలేసి, తప్పులెంచి. అక్కడుంటే నేనైనా నిన్నే వెళ్ళగొట్టేదాన్ని. ఇన్నేళ్ళుగా ఆదివారాలు వచ్చి నా మందుల గురించే మాట్లాడతావు. ఆ ఆట గురించి ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది!”

పెట్రీ కుర్చీలో కూర్చున్నాడు. తల్లి ఒక రోల్ అతని ముందు పెట్టింది. అతను కొరికాడు. వెన్న అతని పట్టు టై మీద ఒక ద్వీపాన్ని స్థాపించింది. ఆవిడ రుమాలుతో దాన్ని తుడిచింది, అతను తుడవనిచ్చాడు. తర్వాత ఫోను తీసి, పదేళ్ళుగా మూతపడ్డ తన పేరుతో మందలోకి వెళ్ళి, అక్కడ చేరేవాళ్ళందరూ రాసే ఒకే ఒక్క మాట రాశాడు: ‘నేనున్నా’.

గిల్ఫిలన్ ఊనాకు ఫోన్ చేశాడు. బేకరీలోంచి వినవచ్చిన కేక ఫోను లేకున్నా వైకాయాదాకా వినిపించేదే.

“పదముగ్గురూ? నిజంగానా? డెస్మండ్ కూడానా? మోరే, రేపట్నుంచి నీకు రొట్టె…” మిగతాది ఏడుపులోనూ నవ్వులోనూ కలిసిపోయింది.

కొండ వెనక సూర్యుడు దిగాడు. వంటింట్లో వెచ్చగా ఉంది. లాక్లన్, తనకిక అబద్ధమాడే బాధ్యత లేదన్న సంగతి నిదానంగా అర్థమై, ఆనందంగా నాలుగో రోల్ అందుకున్నాడు. కేసు ముగిసింది. ఒక స్త్రీ పరువు దక్కింది, ఒక రాజ్యం నిలిచింది, ఒక తల్లీ కొడుకూ ఒకే బల్ల దగ్గర తింటున్నారు. డిటెక్టివ్‌లకు అరుదుగా లభించే పరిపూర్ణ తృప్తితో గిల్ఫిలన్ కుర్చీలో వెనక్కి వాలాడు.

మూడు ఫోన్లు ఒకేసారి మోగాయి. ఊనా చీటీలు తీసి ఎవరి పాత్ర వారికి పంపింది. గిల్ఫిలన్ తనది చూసుకున్నాడు: గొర్రె. హాయిగా తలెత్తాడు.

వినిఫ్రెడ్ పెట్రీ తన ఫోను చదివి, తల ఎత్తి, కొడుకు వైపు చూసింది. డెస్మండ్ తన ఫోను చదివి, తల ఎత్తి, తల్లి వైపు చూశాడు. ఏళ్ళుగా ఒకరి కళ్ళలోకి ఒకరు సరిగా చూసుకోని ఆ ఇద్దరి ముఖాల మీద, ఒకే అచ్చులోంచి తీసినట్టు, ఒకే చిరునవ్వు నెమ్మదిగా విచ్చుకున్నది. ఎన్నో ఏళ్ళ తర్వాత కలుసుకున్న బంధువుల నవ్వు అది. తోడేళ్ళకు తమవారెవరో తెలుసు.

ఆపైన, తల్లీ కొడుకులిద్దరూ కలిసి, ఆ నవ్వును గిల్ఫిలన్ చూశాడన్న సంగతి చూశారు.

అతను లేచి టోపీ వెతుక్కున్నాడు. ఆట మొదలయ్యేది పగటితో కాదు, రాత్రితో. మింగబడినవాడికి తెల్లవారాక నోరు విప్పే హక్కు లేదు.

“అప్పుడే లేస్తావేం మోరే?” అంది ఆవిడ అపారమైన వాత్సల్యంతో. “ఇంకోటి తిను బాబూ. డెస్మండ్, అంకుల్‌కి వెన్న ఎక్కువ వెయ్యి.”

డెస్మండ్ ఎంతో ప్రేమగా వెన్న రాశాడు.